గార్మిన్ జీరో సీ1 ప్రో: నా .308 తూటాలు ఎందుకు చెదురుతున్నాయో దీంతోనే తేలింది

ఈ డబ్బా కొంటే మీ రైఫిల్ గురి బాగుపడుతుందని అనుకుంటే మాత్రం కొనకండి. ఇది గురి బాగుచేసేది కాదు, బుల్లెట్ గొట్టం మూతి దాటేటప్పుడు ఎంత వేగంతో వెళ్ళిందో కొలిచి చెప్పేది, అంతే. కానీ ఆ ఒక్క అంకె చేతిలో లేక నేను దాదాపు ఏడాది పాటు తప్పు చోట వెతికాను. ఎంత డబ్బు, ఎన్ని శనివారాలు పోయాయో తలుచుకుంటే, 599.99 డాలర్ల ఈ యంత్రం మొదట్లోనే కొనుక్కోవాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. జులైలో కొన్నాను, ఐదు నెలలు వాడాను, దీని ముందు సుమారు 400 తూటాలు కాల్చాను. ఇంట్లో సొంతంగా తూటాలు నింపుకుని వేటకి వెళ్ళే తెలుగువాళ్ళు అమెరికాలో తక్కువే, అయినా ఉన్నారు, వాళ్ళలో ఒకరైనా నాలాగా తిరగకుండా ఉంటే చాలని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా అక్క భర్త, బావగారు, శాన్ ఆంటోనియో దగ్గర ఉంటారు, నాకు వేట నేర్పింది ఆయనే. గ్రీన్ కార్డు వచ్చాకే నేను రైఫిల్ కొన్నాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు నన్ను తరచుగా అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా, అలాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ని అడగకుండా ఆ దారిలో అడుగు వేయొద్దు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి వెళ్ళాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, అది నిజంగా పనికొచ్చే కోర్సు. ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నిషేధం, లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నేను రాసేదంతా టెక్సస్ సంగతి.

ఇక అసలు గొడవకి వస్తాను. నాది .308 విన్‌చెస్టర్ అనే సైజు తూటా కాల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాలి), వేటకి మోసుకెళ్ళే పలచటి బ్యారెల్. 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటాల తూకంలో వాడే చిన్న కొలత) సాఫ్ట్ పాయింట్ బుల్లెట్‌తో నేను నింపిన తూటాలు రెండు సీజన్ల పాటు 100 గజాల దగ్గర అంగుళం, అంగుళంపావులో పడేవి. పోయిన ఏడాది శరదృతువులో తేడా మొదలైంది. ఒక శనివారం ఐదూ పాత రూపాయి బిళ్ళంత చోట పడతాయి, సరే కుదిరిందిలే అనుకుని ఇంటికొస్తాను, వచ్చే వారం అదే డబ్బాలోంచి తీసిన తూటాలు మూడున్నర అంగుళాల మేర చెదురుతాయి. ఎప్పుడూ చెడిపోయే తుపాకీ అయితే ఎవరికైనా చూపించవచ్చు, ఒకరోజు బాగుండి ఒకరోజు బాగుండని దానితో మనిషికి పిచ్చెక్కుతుంది.

మూడున్నర అంగుళాలకి అంత టెన్షన్ ఎందుకని అడిగినవాళ్ళున్నారు. తెల్లతోక జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. 100 గజాల దగ్గర మూడున్నర అంటే 200 గజాల దగ్గర ఏడు, దానికి నా చేతి వణుకు, గాలి, జింక ఒక అడుగు కదలడం కలిస్తే ఇంక మిగిలేదేమీ లేదు. పొట్టలో దెబ్బ తిన్న జింక పొదల్లోకి పారిపోయి గంటలకొద్దీ నరకం అనుభవించి చస్తుంది. అది నా వల్ల జరగకూడదు. అందుకే ఆ సీజన్ అంతా 80 గజాలు దాటిన దేని మీదా ట్రిగ్గర్ నొక్కలేదు, రెండుసార్లు మంచి జింకలు 150 దగ్గర నిలబడినా చూసి వదిలేశాను.

తూటాలో ఉండేవి నాలుగే, ఇత్తడి కేసు, నిప్పు రాజేసే ప్రైమర్, మండే పౌడర్, బయటికి దూసుకెళ్ళే బుల్లెట్. నేను ఆ నాలుగింటినీ మార్చాను. ముందు బుల్లెట్ బ్రాండ్, అది కుదరకపోతే పౌడర్, తర్వాత బుల్లెట్ ఎంత లోతుగా కూర్చోవాలన్న కొలత, తర్వాత ప్రైమర్. ఒక్కోసారి ఒకే వారంలో రెండు మార్చాను. మార్చిన ప్రతిసారీ మూడేసి తూటాలు కాల్చి, మూడూ దగ్గరగా పడితే ఇదే మందు అనుకున్నాను, వచ్చే వారం మళ్ళీ మొదటికి. జూన్ చివరికి నోట్‌బుక్కులో 40 గ్రూపులు (ఒకే గురికి వరసగా కాల్చిన తూటాలు ఎంత మేర పడ్డాయన్న కొలత) రాసున్నాయి, వాటిలో ఒక్కదాన్నుంచీ ఏమీ తేలలేదు, ఎందుకంటే ఏ రెండు గ్రూపుల మధ్యా ఒకే ఒక్క తేడా ఉన్నది లేదు.

బావగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, "ఏమయ్యా, కొట్లో కొన్న తూటాలు ఒక్క డబ్బా అయినా కాల్చి చూశావా?" అన్నారు. "లేదు బావగారూ" అన్నాను. "మరి తప్పు తూటాదో తుపాకీదో నీకెట్లా తెలిసింది? ముందు అది తేల్చు. తేల్చాక ఒకసారికి ఒకటే మార్చు, రెండు మార్చావంటే దేనివల్ల ఏం జరిగిందో దేవుడికి కూడా తెలీదు" అన్నారు. ఆ మాట నెల ముందు విన్నా బాగుండేది. ఆయన చెప్పిన వరసలో కాకుండా నేను ముందు ఈ యంత్రం కొన్నాను, అది వేరే సంగతి. కొట్లో కొన్న తూటాల డబ్బా 35, 40 డాలర్లకి వస్తుంది, మీరు మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

యంత్రం గురించి. గార్మిన్ వాళ్ళు 2023లో దీన్ని తెచ్చారు. అరచేతిలో పట్టేస్తుంది, చొక్కా జేబులో వేసుకోవచ్చు. లోపల డాప్లర్ రాడార్ ఉంటుంది, హైవే మీద పోలీసులు కారు వేగం పట్టేది ఏ సూత్రంతోనో ఇదీ అంతే, వెళ్ళిపోతున్న బుల్లెట్‌కి తగిలి తిరిగొచ్చే తరంగంలో తేడాని బట్టి వేగం చెబుతుంది. చిన్న ట్రైపాడ్ డబ్బాలోనే వస్తుంది. రైఫిల్ పక్కన జానెడు దూరంలో, గొట్టం మూతికంటే కాస్త వెనకగా, టార్గెట్ వైపు తిప్పి పెట్టాలి. రైఫిలా, పిస్టలా, విల్లా అని అడుగుతుంది, బుల్లెట్ బరువు కొట్టమంటుంది, ఇక కాల్చడమే. అరనిమిషంలో మొదలుపెట్టేయొచ్చు. కాల్చగానే ఆ తూటా వేగం పెద్ద అక్షరాల్లో వస్తుంది, కింద సగటు, ఎక్కువకీ తక్కువకీ తేడా, స్టాండర్డ్ డీవియేషన్ (వేగాలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతున్నాయన్న లెక్క). ఫోన్‌లో షాట్‌వ్యూ అనే యాప్ వేసుకుంటే మొత్తం జాబితా వరసగా అందులోకి వచ్చేస్తుంది. యూఎస్‌బీ సీ తో ఛార్జింగ్. శనివారం పూట నేను కాల్చే షూటింగ్ రేంజ్‌లో అటూ ఇటూ మనుషులు కాలుస్తూనే ఉంటారు, పక్కవాళ్ళ తూటాలు నా లెక్కలో కలిసింది ఇప్పటిదాకా లేదు.

నిజానికి నా కేసు తేల్చింది సగటూ కాదు, డీవియేషనూ కాదు. ఆ వరస జాబితా.

మొదటిరోజు ఒకే పాళ్ళతో నింపిన 20 తూటాలు తీసుకెళ్ళాను. నాకున్న మంచి అలవాటు ఒకటే, నింపిన వరసలోనే తూటాలు డబ్బాలో పెడతాను, అదే వరసలో కాలుస్తాను. తక్కువ వేగం సెకనుకి 2,588 అడుగులు, ఎక్కువ 2,671. అంటే తేడా 83, డీవియేషన్ 24. ఇది బాగా ఎక్కువ. సరే, ఎక్కువని తెలిసింది, ఎందుకు ఎక్కువో? సాయంత్రం యాప్‌లో జాబితా కిందికి జరుపుతూ చూస్తుంటే కనబడింది, మొదటి ఐదు తూటాల సగటు 2,611, చివరి ఐదు తూటాల సగటు 2,652. మధ్యలో ఒకటీ అరా పైకీ కిందికీ ఎగిరినా మొత్తం మీద మెట్లెక్కినట్టు పెరుగుతూ పోయింది. బ్యారెల్ వేడెక్కి అలా అయిందేమో అనుకున్నాను, కానీ నేను ఐదేసి తూటాలకి ఒకసారి పదిహేను నిమిషాలు ఆగాను. అంటే వేగం పెరిగింది కాల్చేటప్పుడు కాదు, నింపేటప్పుడే పెరిగిపోయింది.

గ్యారేజీలోకి వెళ్ళి డిజిటల్ కాటా ఆన్ చేసి, దానితో పాటు వచ్చిన 20 గ్రాముల తూకపు రాయి పెట్టాను. 308.6 గ్రెయిన్లు, సరిగ్గా ఉంది. అలాగే ఆన్‌లో ఉంచి, ఎప్పటిలాగే టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని వేరే పని చేసుకుంటూ పది నిమిషాలకొకసారి అదే రాయి పెట్టి చూశాను. గంటా పది నిమిషాలకి 308.0 చూపించింది. అంటే రాయి అలాగే ఉంది, కాటా ఆరు పదోవంతుల గ్రెయిన్ తక్కువ చూపిస్తోంది, ఆ తక్కువని భర్తీ చేస్తూ నేను ప్రతి తూటాలో కొంచెం కొంచెం ఎక్కువ పౌడర్ పోస్తూ వెళ్ళాను. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు కూడా లేదు, పాతకాలం కంసాలివాళ్ళు బంగారం తూచిన గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్ల ఎత్తు. అంటే ఈ తేడా గురివింద గింజలో మూడోవంతు. అంతమాత్రానికే నా .308లో వేగం 35, 40 అడుగులు మారిపోయింది.

ఆ కాటా కంపెనీ పేరు రాయను, చవకరకం కాటాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. లోపలుండే సెన్సర్ వేడికి మారిపోతుంది, ఆన్ చేసి అరగంటైనా కాగనివ్వకుండా తూస్తే నిలకడ ఉండదు, ఫ్యాన్ గాలికి పళ్ళెం కదులుతుంది. ఎండాకాలం టెక్సస్‌లో గ్యారేజీ ఎలా ఉంటుందో తెలిసిందే, ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. అందుకని ఇప్పుడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నింపుతున్నాను, తూకానికి పాత పద్ధతి బీమ్ త్రాసు వాడుతున్నాను. కరెంటు లేదు, సెన్సర్ లేదు, ముల్లు గీత మీదికి వచ్చిందా లేదా అంతే. నెమ్మదిగా అవుతుంది, గంటకి 30 తూటాలు కూడా కావు. అయినా ప్రతి పదో తూకానికి రాయి పెట్టి చూస్తున్నాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఇది గురి సంగతి కాదు, ప్రాణం సంగతి. నేను తూటాలు నింపే మాన్యువల్ పౌడర్‌కి చెప్పిన హద్దులో మధ్యన ఉన్నాను కాబట్టి ఆరు పదోవంతులు ఎక్కువ పడినా గండం గడిచింది. పై హద్దు అంచున నింపుకునే వాళ్ళకి అదే తేడా ప్రెషర్‌ని ప్రమాదం దాకా తీసుకెళ్తుంది. మాన్యువల్‌లో కింది అంకె దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచమని రాసేది ఇందుకే. ఆ కాటాతో నింపి ఇంకా కాల్చని 38 తూటాలుంటే బుల్లెట్లు పీకేసి, పౌడర్ పారబోశాను. వేరే దారి ఆలోచించొద్దు.

కాటా సంగతి తేలాక కూడా జాబితాలో ఎగుడుదిగుళ్ళు మిగిలాయి. దానికి ఇత్తడి కేసులు కారణం. రేంజ్‌లో ఏరుకొచ్చినవి, పాత డబ్బాల్లోవి, మూడు కంపెనీలవి కలిపేశాను. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల గోడల మందం వేరు, మందం వేరైతే లోపలి ఖాళీ వేరు, అదే పౌడర్ పోసినా ప్రెషర్ వేరు. పైగా కొన్ని రెండుసార్లు కాల్చినవి, కొన్ని ఆరుసార్లు. కాల్చి, మళ్ళీ డైలో (కేసుని పాత ఆకారానికి తెచ్చే అచ్చు) నొక్కి, కాల్చి, మళ్ళీ నొక్కితే కేసు మెడ దగ్గర ఇత్తడి గట్టిపడిపోయి, బుల్లెట్‌ని పట్టుకునే పట్టు ఒక్కోదానికి ఒక్కోలా మారుతుంది. బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టే ప్రెస్ లివర్ దించేటప్పుడు ఇది చేతికే తెలుస్తుంది, కొన్ని బుల్లెట్లు వెన్నలో దిగినట్టు దిగుతాయి, కొన్ని మొరాయిస్తాయి. నాకు ఎప్పటినుంచో తెలుస్తూనే ఉంది, పట్టించుకోలేదు. ఒకే కంపెనీవి, ఒకే లెక్కన కాల్చినవి 50 విడిగా తీసి, మెడలు వేడి చేసి మెత్తబరిచి, అన్నిటినీ 2.005 అంగుళాల పొడవుకి కోశాను. బుల్లెట్ లోతు కొలవడంలో కూడా పద్ధతి మార్చాను, సాఫ్ట్ పాయింట్ మొన మెత్తటి సీసం, ఒకదానికొకటి పొడవు కలవదు, అందుకని మొన నుంచి కాకుండా బుల్లెట్ వంపు దగ్గర్నుంచి కొలిచే చిన్న పరికరం కాలిపర్‌కి తగిలించి కొలుస్తున్నాను.

మూడు వారాల తర్వాత మళ్ళీ 20. వేగాల తేడా 34, డీవియేషన్ 9. స్క్రీన్ చూసి ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. బైనాక్యులర్‌తో టార్గెట్ చూస్తే ఆ ఆనందమంతా పోయింది. పదేసి తూటాల గ్రూపులు రెండు, ఒకటి 2.9 అంగుళాలు, ఇంకోటి 3.1.

అప్పుడు బెంచ్ మీదే కూర్చుని లెక్క వేశాను, ఇది అందరూ ఒకసారి వేసుకోవాల్సిన లెక్క. 2,640 అడుగుల వేగంతో వెళ్ళే బుల్లెట్‌కి 100 గజాలు దాటడానికి సెకనులో ఎనిమిదో వంతు కూడా పట్టదు, ఆ కాస్త సమయంలో అది కిందికి పడేది రెండున్నర అంగుళాల పైచిలుకు. వేగం 34 అడుగులు తగ్గితే ఆ పడటంలో వచ్చే తేడా అంగుళంలో పదో వంతు కూడా కాదు. అంతెందుకు, మొదటిరోజు వచ్చిన 83 అడుగుల తేడాకి కూడా 100 గజాల దగ్గర అంగుళంలో ఆరో వంతే. 300 గజాలకి వెళ్తే అదే 83 ఒకటిన్నర అంగుళం పైన తేడా తెస్తుంది కాబట్టి కాటా బాగుచేయడం వృథా కాలేదు. కానీ 100 గజాల దగ్గర మూడు అంగుళాల గ్రూప్‌కి వేగం మీద నింద వేయడం కుదరదు. ఇంకొకటి, వేగం తేడా బుల్లెట్‌ని పైకీ కిందికీ జరుపుతుంది, పక్కకి జరపదు. నా గ్రూపులు పక్కకి చెదిరాయి. ఒక్కోదాంట్లో రెండు గుంపులు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి, మధ్యలో దాదాపు రెండంగుళాల ఖాళీ. నోట్‌బుక్కులో పాత టార్గెట్ ఫొటోలు తిరగేస్తే సగం వాటిలో అదే బొమ్మ. ఏడాది పాటు కళ్ళ ముందే ఉంది.

ఆరోజే రేంజ్ కౌంటర్‌లో ఒక డబ్బా తూటాలు కొన్నాను, చివరికి, బావగారు చెప్పినట్టు. పది కాల్చాను. అవే రెండు గుంపులు.

ఇంటికొచ్చి రైఫిల్ విప్పాను. ముందు డాలర్ నోటు పరీక్ష, నోటుని బ్యారెల్ కింద చుట్టి కర్ర (బ్యారెల్ కిందుండే పిడి) మీదుగా లాగితే యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం) దాకా ఆగకుండా రావాలి, వచ్చింది, అంటే కర్ర బ్యారెల్‌కి తగలడం లేదు. యాక్షన్ స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. గురి చూసే స్కోప్‌ని పట్టుకునే రింగులు బాగానే ఉన్నాయి. స్కోప్ విప్పితే కింద, దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే బేస్‌కి ముందువైపున్న స్క్రూ, వేలితో ముట్టుకుంటే పావు చుట్టు తిరిగింది. స్కోప్ కప్పేయడం వల్ల పైనుంచి అది కనపడదు. కాల్చిన ప్రతి దెబ్బకీ బేస్ వెంట్రుకవాసి అటో ఇటో సర్దుకుంటోంది, కొన్ని రోజులు ఒకే చోట ఉండిపోతే గ్రూప్ అంగుళం, మధ్యలో జరిగితే మూడు. ఒకరోజు బాగుండి ఒకరోజు బాగుండకపోవడానికి అర్థం అదీ. ఆ బేస్ బిగించింది నేను కాదు, నాకు అమ్మిన కొట్లో బిగించి ఇచ్చారు, ఎవరు బిగించినా నేను ఏడాదికోసారి చూసుకోవాల్సింది. స్క్రూలన్నీ తీసి, నూనె మరకలు ఆల్కహాల్‌తో తుడిచి, స్క్రూ వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ చుక్క పెట్టి, తయారీవాళ్ళు చెప్పిన లెక్కకి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) బిగించాను. చేత్తో "గట్టిగా" బిగించడం లెక్కలోకి రాదు.

తర్వాతి వారం పది తూటాలు 1.4 అంగుళాలు. కొట్లో కొన్నవి 1.7. వారం ఆగి మళ్ళీ, అంతే. ఇంకో వారం, అంతే.

1.4 ఏముంది, నాది ముప్పావు అంగుళం అనేవాళ్ళుంటారు. మీరు ఎన్ని తూటాలు కాల్చారో చెప్పండి. అదే రైఫిల్, అదే మనిషి, అవే తూటాలు, పది కాలిస్తే వచ్చే గ్రూప్ సగటున మూడు కాలిస్తే వచ్చేదానికి ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది, ఎక్కువ కాల్చేకొద్దీ అంచులు బయటపడతాయి కాబట్టి. మూడేసి తూటాలతో పౌడర్ బాగుందో లేదో తేల్చడం అంటే బొమ్మాబొరుసు వేసినట్టే, నా 40 గ్రూపుల నోట్‌బుక్కే సాక్ష్యం. ఈ యంత్రం చూపించే డీవియేషన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఐదు తూటాలకి 5 వచ్చిందని సంబరపడకండి, ఇంకో ఐదు కాలిస్తే 14 రావచ్చు. కనీసం పది, వీలైతే ఇరవై.

దీంతో నేను చూసిన ఇంకొక విషయం ఎండ. ఆగస్టులో పది తూటాలు నీడలో, పది తూటాలు బెంచ్ మీద ఎండలో అరగంట ఉంచి కాల్చాను, ఎండవి సగటున 18 అడుగులు ఎక్కువ వేగంతో వెళ్ళాయి. పౌడర్ రకాన్ని బట్టి ఇది మారుతుంది, వేడికి పెద్దగా మారని పౌడర్లు వేరే ఉన్నాయి. వేట నవంబర్ చలిలో, పరీక్ష ఆగస్టు ఎండలో కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. కాల్చి వేడిగా ఉన్న గొట్టంలో తూటా పెట్టి కబుర్లు చెప్పుకోవడం కూడా అదే పని చేస్తుంది.

దీని హద్దులు కూడా చెప్పాలి. మూతి దగ్గర వేగం మాత్రమే చెబుతుంది, బుల్లెట్ ముందుకెళ్ళేకొద్దీ వేగం ఎలా పడిపోతోందో చెప్పదు, అది కావాలంటే లాబ్‌రాడార్ మొదటి మోడల్ లాంటిది చూసుకోవాలి, కాకపోతే అది సైజులో బాగా పెద్దది. గొట్టానికి కట్టే మాగ్నెటోస్పీడ్ రకం చవక, కానీ గొట్టానికి బరువు వేలాడితే బుల్లెట్ పడే చోటు మారుతుంది, కాబట్టి వేగమూ గ్రూపూ ఒకేసారి చూడటం కుదరదు. నా విషయంలో అసలు జవాబు ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే దొరికింది, వేగం నిలకడగా ఉండి గ్రూప్ చెదిరింది కాబట్టే తుపాకీ మీదికి చూపు మళ్ళింది. వెలుతురు మీద ఆధారపడే పాత రకాలు నూటయాభై డాలర్లలోపు దొరుకుతాయి, మబ్బు పట్టినా, పొద్దు వాలినా వాటితో చికాకు, పైగా టార్గెట్ వైపు వెళ్ళి అమర్చాలి కాబట్టి రేంజ్ మొత్తం ఆగాలి.

ఏడాదికి 20 తూటాలు కొని, జింకని ఒకదాన్ని కొట్టి, మళ్ళీ ఏడాది దాకా రైఫిల్ ముట్టనివాళ్ళకి ఇది అక్కర్లేదు. ఆ డబ్బుతో స్కోప్ బేస్ చూపించుకుని, టార్క్ రెంచ్ కొనుక్కుని, మిగిలింది తూటాలకి పెట్టి సాధన చేయండి. సొంతంగా నింపుకునేవాళ్ళు, ముఖ్యంగా 200 గజాలు దాటి కాల్చాలనుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు, నెలకి ఒకసారి చేతులు మారితే సరిపోతుంది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, అర తగ్గించింది ధరకే.

సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలైంది. రెండో వారంలో, పొద్దున్న ఏడున్నరకి, 160 గజాల దగ్గర ఒక ఆడజింక పక్కకి తిరిగి నిలబడింది. పోయినేడు అయితే వదిలేసేవాణ్ణి. ఈసారి ఊపిరి వదిలి నొక్కాను, నాలుగడుగులు వేసి అక్కడే పడిపోయింది, దగ్గరికి వెళ్ళేసరికి కదలిక లేదు. బుల్లెట్ భుజం వెనకనే, నేను చూసిన చోటుకి అంగుళమంత దూరంలో. సగం మాంసం మా ఫ్రీజర్‌లో, సగం అక్క వాళ్ళకి. గోదావరి వైపు మటన్‌ని వేటమాంసం అంటారు కదా, అక్క దాన్ని అదే పద్ధతిలో, కొబ్బరీ గసగసాలూ నూరి వండింది, కొవ్వు తక్కువ కాబట్టి నెయ్యి కాస్త ఎక్కువ వేసింది, చాలా బాగుంది.

యంత్రం ఇప్పుడు బావగారి దగ్గరుంది. ఆయన తన .270 రైఫిల్ తూటాలు ఎప్పటినుంచో ఒకే పాళ్ళతో నింపుతున్నారు, ఎప్పుడూ వేగం కొలవలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "ఏమయ్యా, పది కాలిస్తే తేడా 61 వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అని అడిగారు. ముందు కాటా మీద రాయి పెట్టి చూడమన్నాను.